మిగిలిన ఆ కాస్త పాట



ఈ పూట ఒక పాటల ఆల్బమ్ గురించి మాట్లాడతాను. మాట్లాడటమే గానీ వినిపించడం కుదరదు. ఆ డిస్కు ఈ రేడియో స్టేషన్ లైబ్రరీలో లేదు. నా దగ్గరున్నది పట్టుకొద్దామంటే ప్రసార హక్కుల సంగతి తేలదు. అంచేత మీరు పాట వినకుండానే పాట కథ వినాలి. మొదట్లో నా పరిస్థితీ ఇంచుమించు అంతే లెండి. ముప్పాతిక వంతు పాట విని, మిగిలిన పావు వంతు కోసం ఏడాదిన్నర తిరిగాను.

అది 2001 డిసెంబరు. లండన్‌కి దక్షిణపు అంచున ఉన్న క్రోయిడన్‌లో నా ఉద్యోగం. ఇంగ్లండులో కొన్నేళ్ళున్న మనవాళ్ళకి క్రోయిడన్ అనగానే లూనార్ హౌస్ అనే 20 అంతస్తుల మేడ గుర్తొస్తుంది, వీసా కాగితాల ఆఫీసు అందులోనే కాబట్టి. నేను అద్దెకుండేది వింబుల్డన్ పక్కన. రెండింటికీ మధ్య ట్రామ్ నడిచేది. అప్పటికది కొత్త. మూసేసిన పాత రైలు దారినే బాగుచేసి, 2000 మే నెలలో మొదలుపెట్టారు. ఎరుపూ తెలుపూ పెట్టెలు, పెద్ద కిటికీలు. డిసెంబరులో అక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది. నేను ఆఫీసు వదిలే వేళకి కిటికీలో ఊరు కనబడదు, మన మొహమే కనబడుతుంది.

మా ఆఫీసులో పక్క సీటాయన ఒకరోజు నాకో క్యాసెట్ ఇచ్చాడు. నైంటీ, అంటే తొంభై నిమిషాలది. మీద బాల్‌పెన్నుతో 'చలికాలం' అని ఇంగ్లీషులో రాసుంది, అంతే. పాటల పేర్లు లేవు, పాడినవాళ్ళ పేర్లు లేవు. ట్రామ్‌లో వినమన్నాడు.

విన్నాను. మొదటి వైపు చివర్లో వచ్చిందా పాట. ముందు గోడగడియారం లాంటి ఒక టిక్కు టిక్కు. దాని మీద పొగమంచులా పరుచుకున్న కీబోర్డు శబ్దం. ఆ పైన ఒక మగ గొంతు. పెద్ద గొంతేమీ కాదు. పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతోంది, లేస్తుందేమోనన్న భయంతో పాడుతున్నట్టుంది. ఆమె వెళ్ళిపోయిందనీ, తనకింకా అలవాటు కాలేదనీ చెబుతున్నాడు. తిట్టడం లేదు, బతిమాలడం లేదు. ఏదో చెప్పబోతున్నాడు, అదేదో ఆ తర్వాతి చరణంలో ఉంది, రాబోతోంది... టక్. టేపు అయిపోయింది.

నా ఈడు వాళ్ళకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. విజయవాడలో మా చిన్నప్పుడు పాటల లిస్టు కాగితం మీద రాసిస్తే, రికార్డింగు షాపువాళ్ళు సిక్స్టీనో నైంటీనో నింపి ఇచ్చేవాళ్ళు. టేపు చివర ఖాళీ వదలడం వాళ్ళకి నామోషీ. పట్టినంత మేరకు ఇంకో పాట కుక్కేవాళ్ళు. అలా మా ఇంట్లో ఘంటసాల పాటలు ఎన్నో రెండో చరణం దగ్గర ప్రాణం వదిలేవి. కానీ ఆ మిగతా చరణం వివిధభారతిలో వచ్చేది, పక్కింటి రికార్డు మీద వచ్చేది, లేదా మా అమ్మే వంటింట్లో పాడి ముగించేది. తెగిపోయిన పాటకి ఊరంతా వారసులే. క్రోయిడన్ ట్రామ్‌లో నాకు ఆ పాటని పాడి ముగించేవాళ్ళు ఎవరూ లేరు.

మర్నాడు పక్క సీటాయన్ని అడిగాను. అతనూ ఎవరో స్నేహితుడి టేపు నుంచి ఎక్కించుకున్నాడట. ఆ స్నేహితుడేమో న్యూజిలాండ్ వెళ్ళి స్థిరపడ్డాడు. పక్క సీటాయన టేపులోనూ పాట అక్కడే తెగింది.

ఇక వెతుకులాట. నాకు ఇది కొత్త విద్య కాదు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో ఆదివారం పొద్దున అబిడ్స్ పేవ్‌మెంట్ మీద, విజయవాడ వస్తే ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో వంగి వంగి నడుం పట్టేసిన వాణ్ణి. పాతసరుకు అమ్మేవాళ్ళ దగ్గర ఎలా నిలబడాలో, ఎంతసేపు మాట్లాడకుండా ఉండాలో తెలుసు. క్రోయిడన్‌లో ఒక పెద్ద పాత రికార్డుల దుకాణం ఉండేది. 2002 ఫిబ్రవరిలో ఒక శనివారం అక్కడికి వెళ్ళి, కౌంటరు వెనక జడేసుకున్న ముసలాయన ముందు ఆ పాటని కూనిరాగం తీశాను. కృష్ణా జిల్లా గొంతులో ఇంగ్లీషు దిగులు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆయన నవ్వలేదు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"డ్రమ్స్ వాయించింది మనిషా, మెషీనా?"

"మెషీన్."

"గొంతు?"

"సిగ్గుపడుతున్నట్టు ఉంది."

అప్పుడు నవ్వాడు. "మీరు ట్రామ్‌లో వస్తారా? అయితే రోజూ వాళ్ళ ఊరి మీదుగానే వస్తున్నారు" అని, బిల్లు చీటీ వెనక రెండు పేర్లు రాసిచ్చాడు. ఒకటి బృందం పేరు, ట్రెంబ్లింగ్ బ్లూ స్టార్స్. వణికే నీలి నక్షత్రాలన్న మాట. రెండోది ఆల్బమ్ పేరు, హర్ హ్యాండ్‌రైటింగ్. ఆమె చేతిరాత. తన దగ్గర లేదన్నాడు. వచ్చినా సాయంత్రం దాకా ఉండదన్నాడు.

ఆ ఊరు మిచమ్. నా ట్రామ్ దారిలో రెండు స్టాపులకి ఆ పేరే. ఒకప్పుడు లావెండర్ తోటలకి ప్రసిద్ధి, అక్కడి లావెండర్ అత్తరుకి లండన్‌లో గిరాకీ ఉండేది. నేను చూసేనాటికి తోటలు లేవు, వరస ఇళ్ళు. ఆ ఇళ్ళల్లో ఒకదానిలో, తల్లిదండ్రులింటి పడకగదిలో, ఇయాన్ క్యాట్ అనే కుర్రాడు 1980ల చివర్లో రికార్డింగు స్టూడియో పెట్టుకున్నాడు. సెయింట్ ఎటియన్ అనే బృందాన్ని ఇంగ్లండు పాప్ ప్రపంచానికి తెలిసేలా చేసిన తొలి పాట 1990లో ఆ పడకగదిలోనే తయారైంది. ఆ గదికే వచ్చి పాడుతుండేవాళ్ళు ఇంకో ఇద్దరు స్థానిక కుర్రాళ్ళు, రాబర్ట్ రాటెన్, మైకేల్ హిస్కాక్. వాళ్ళ బృందం పేరు ద ఫీల్డ్ మైస్. పొలం ఎలకలు.

పొలం ఎలకల దగ్గర డ్రమ్స్ వాయించే మనిషి లేడు. ఉన్నది ఇద్దరే, కాబట్టి డ్రమ్ మెషీన్ పెట్టుకున్నారు. లేమి వల్ల వచ్చిపడిన పనిముట్టు అది. ఆ లేమే తర్వాత వాళ్ళ బాణీ అయింది. 1988లో తొలి రికార్డు బ్రిస్టల్‌లోని సారా రికార్డ్స్ నుంచి వచ్చింది. పేరు విని నవ్వకండి, మన సారా కాదు, ఆడపిల్ల పేరు.

ఈ సారా రికార్డ్స్ గురించి కాస్త ఆగి చెప్పాలి. నా డిస్కు దొరక్కపోవడానికి మూలం అక్కడుంది మరి. క్లేర్ వాడ్, మ్యాట్ హేన్స్ అనే ఇద్దరు కలిసి 1987 నవంబరులో మొదలుపెట్టారు. అంతకుముందు ఇద్దరూ విడివిడిగా చేతిరాత, టైపు, కత్తిరింపులు కలిపి చిన్న పత్రికలు నడిపినవాళ్ళు. మన కవులు సొంత ఖర్చుతో 500 కాపీలు అచ్చేసుకుని, సంచిలో పెట్టుకుని సభలకి తిరుగుతారే, సరిగ్గా ఆ జాతి. ఇంగ్లీషులో ఇండీ అనేది దీన్నే. పెద్ద కంపెనీల గుమ్మం తొక్కకుండా తమ రికార్డు తాము వేసుకోవడం. మడత కాగితపు అట్ట, ప్లాస్టిక్ సంచీ, లోపల ఒక చీటీ మీద వాళ్ళు రాసుకున్న నాలుగు ముక్కలు. సంకలనాలకి బ్రిస్టల్ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లూ వీధుల పేర్లూ పెట్టేవాళ్ళు.

వాళ్ళకో పట్టుదల ఉండేది. ఒక్క పాటగా అమ్మిన రికార్డుని తీసుకెళ్ళి మళ్ళీ ఆల్బమ్‌లో పెట్టి అమ్మరు. అభిమాని ఒకే పాటకి రెండుసార్లు డబ్బెందుకు ఇవ్వాలన్నది వాళ్ళ వాదన. పెద్ద సైజు 12 అంగుళాల సింగిల్స్ కూడా ఆ కారణంగానే గిట్టేవి కావు. ఒకసారి వాళ్ళే మెత్తబడ్డారు. 1991లో ఫీల్డ్ మైస్ చేసిన మిస్సింగ్ ద మూన్ అనే పాట, వాళ్ళ పాటలన్నిట్లోకీ ఎలక్ట్రానిక్ సందడి ఎక్కువున్నది, ఆ సైజులోనే వచ్చింది. పాట అంత పొడుగు మరి, చిన్న రికార్డులో పట్టేది కాదు. తమ రికార్డుల వరస నంబర్లలో 50వ నంబరుగా అసలు రికార్డే వేయలేదు. రికార్డు కంపెనీ నడపడం మీద ఒక బోర్డు ఆట తయారుచేసి, దానికి ఆ నంబరు ఇచ్చారు.

1995లో నంబరు 100 దాకా వచ్చింది. అక్కడ ఆపేశారు. అప్పులపాలయ్యీ కాదు, తగాదా పడీ కాదు. నూరు నిండింది, చాలు అనుకున్నారు. పత్రికల్లో డబ్బు కట్టి ప్రకటన వేయించి, ఆగస్టు 28న బ్రిస్టల్ రేవులో థెక్లా అనే ఓడలో పార్టీ చేసి, మర్నాటి నుంచి కంపెనీ లేదన్నారు. మనవాళ్ళయితే ఇంకో పదహారు వేసి నూటపదహార్లు చేసేవాళ్ళు. ఇంత నిబ్బరంగా దుకాణం కట్టేసినవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు. సిద్ధాంతంగా వినడానికి బాగుంది. ఆ రికార్డులు వెతుక్కునేవాడి నడుముకే కష్టం.

ఫీల్డ్ మైస్ అంతకు ముందే, 1991 నవంబరులో, స్కాట్లాండు పర్యటన మధ్యలో విడిపోయింది. అప్పటికి బృందం అయిదుగురైంది. కొత్తగా చేరినవాళ్ళలో యాన్మరీ డేవిస్ ఉంది. ఆమె, రాటెన్ ఒక జంట. బృందం పోయాక కూడా ఇద్దరూ నార్తర్న్ పిక్చర్ లైబ్రరీ అన్న పేరుతో ఇంకొంత కాలం కలిసి పాడారు. తర్వాత జంటా విడిపోయింది. మ్యాట్ హేన్స్ సారా మూసేశాక షింకాన్సెన్ అని జపాన్ రైలు పేరుతో మరో చిన్న కంపెనీ పెట్టాడు. 1996లో ఆ కంపెనీ వేసిన ఆల్బమే హర్ హ్యాండ్‌రైటింగ్. ట్రెంబ్లింగ్ బ్లూ స్టార్స్ పేరుతో రాటెన్ రాసి, పాడి, మళ్ళీ ఆ మిచమ్ మిత్రుడు ఇయాన్ క్యాట్ చేతే రికార్డు చేయించుకున్న పాటలు. మొదటి నుంచి చివరి దాకా వెళ్ళిపోయిన ఆ ఒక్క మనిషి గురించే.

ఇప్పుడు ఆ టిక్కు టిక్కు సంగతి. మన కచేరీలో మృదంగం ఆయన గాయకుడి ముఖం చూస్తూ వాయిస్తాడు. గాయకుడు ఒకచోట నిలబడిపోతే తానూ కాస్త తగ్గుతాడు, అతని వెనకాల నడుస్తాడు. డ్రమ్ మెషీన్ ఎవరి ముఖమూ చూడదు. నిమిషానికి ఇన్ని దెబ్బలని ముందే చెప్పి పెడతాం, అన్నే కొడుతుంది. పాడేవాడి గొంతు పూడుకుపోయినా దానికి పట్టదు. ఈ ఆల్బమ్‌లో దిగులంతా అక్కణ్ణించే పుట్టిందని నాకనిపిస్తుంది. కింద యంత్రం నదురూ బెదురూ లేకుండా నడిచిపోతుంటుంది, పైన మనిషి వెనకబడిపోతుంటాడు. నా ట్రామ్ కూడా అలాంటిదే. నేను ఏ స్థితిలో ఎక్కానన్నది దానికి అనవసరం, మిచమ్ వేళకి వస్తుంది.

దిగులు అన్నాను చూడండి, ఏడుపు అనలేదు. రెండూ ఒకటి కావు. మన సినిమా పాటల్లో ఏడుపు గొప్పగా ఉంటుంది, తీగలు ఎగిసిపడతాయి, వాన కూడా వస్తుంది. దిగులుకి అంత చప్పుడుండదు. బట్టలు మడత పెడుతూ చేయి ఆగిపోతుందే, అది దిగులు. ఈ ఆల్బమ్‌లో ఆబ్బా ఆన్ ద జ్యూక్‌బాక్స్ అని ఒక పాట ఉంది. అందులో వగచడం దాదాపు లేదు. ఇద్దరూ కలిసి తిరిగిన చోట్లు, చేసిన చిన్న చిన్న పనులు ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటూ పోతాడు. కిరాణా కొట్టు చీటీ చదివినట్టు చదువుతాడు. ఆ చీటీలో నా సరుకు ఒక్కటీ లేదు. అయినా మొదటిసారి విన్నప్పుడు నా స్టాపు దాటిపోయాను.

ఈ మెత్తదనాన్ని అప్పటి లండన్ సంగీత పత్రికలు బాగానే వెక్కిరించాయి. ముక్కు చీదుకునే కుర్రాళ్ళన్నట్టు రాశాయి. మనకిది కొత్త కాదు, కృష్ణశాస్త్రిగారి కన్నీటి మీద మన భాషలో ఎన్ని హాస్యాలు చెలామణీ అయ్యాయి! వెక్కిరించినవాళ్ళ వైపు కూడా కొంచెం న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఈ ఆల్బమ్‌లో పాటలన్నీ దాదాపు ఒకే నడకలో వెళ్తాయి. వరసగా వింటే ఏడో పాటకి కిటికీ తెరవాలనిపిస్తుంది. ఒక్కో పాట చెప్పాల్సింది అయిపోయాక కూడా గుమ్మంలో నిలబడి కబుర్లు చెబుతుంది. ప్రేమించినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

సరే, వెతుకులాట. నేను అడిగిన దుకాణాలేవీ కొత్త కాపీ తెప్పించలేకపోయాయి. చిన్న కంపెనీలతో వచ్చే చిక్కే అది. ఉన్న డబ్బుతో కొన్ని అచ్చేస్తారు, అవి చెల్లిపోయాక మళ్ళీ వేయాలంటే ఆ డబ్బు వచ్చే పాట మీద ఖర్చయిపోయి ఉంటుంది. ఇంటర్నెట్‌లో అమెరికాలో ఒకాయన దగ్గర కనబడింది గానీ, ఆ ధరకి మా నెల బియ్యం, పప్పులు వచ్చేవి. శనివారాలు దక్షిణ లండన్‌లో పాత సామాన్లు అమ్మే ధర్మసంస్థల కొట్లన్నీ తిరిగాను. తిరిగితే ఇంకేవేవో దొరికేవి. ఫీల్డ్ మైస్ పాటలు రెండు డిస్కుల మీద 1998లో మళ్ళీ వేసిన సంపుటి దొరికింది. నేను వెతికేది మాత్రం ఇంకొకరి అరలో ఉండిపోయింది.

ఈలోగా మా ఆవిడ లండన్ వచ్చింది. హైదరాబాదు నుంచి టూ-ఇన్-వన్ మోసుకొచ్చింది, అక్కడ దొరకవేమోనని. వంటింట్లో ఆ 'చలికాలం' క్యాసెట్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. తను కూరలు తరుగుతుంటే ఆ పాట వచ్చేది, అక్కడిదాకా వచ్చేది, టక్కున మీట పైకి లేచేది. "మీవాడు ఇవాళ కూడా చెప్పలేదా?" అనేది.

2003 జూన్‌లో దొరికింది. రికార్డ్ కలెక్టర్ అనే మాసపత్రిక వెనక పేజీల్లో, చీమల బారులాంటి అక్షరాల్లో, అమ్మకందార్ల జాబితాలుండేవి. అందులో చూసి ఉత్తరం రాసి, పోస్టల్ ఆర్డరు పంపాను. పది రోజులకి బుడగల కవరు వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నాను. మా ఆవిడ విప్పి చూసింది. సాయంత్రం గుమ్మంలోనే అడిగింది.

"ఆమె చేతిరాత అని వచ్చింది. ఎవరామె?"

చెప్పాను. రాటెన్ కథ, యాన్మరీ కథ, మొత్తం. చివర్న ఇంకో సంగతి కూడా చెప్పాను. ఈ బృందం తర్వాతి రోజుల్లో వేసిన పాటల్లో ఆ యాన్మరీయే వచ్చి గొంతు కలిపింది. మా ఆవిడ చాలాసేపు ఊరుకుని, "ఎలా పాడిందండీ?" అంది. బాగా పాడింది అన్నాను. "అది కాదు నేనడిగేది" అంది. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

ఆ రాత్రి ఆ పాట పూర్తిగా విన్నాం. టేపు తెగిన చోటు దాటి మిగిలింది నిమిషం కూడా లేదు. రాబోతోందనుకున్న చరణం రాలేదు. అసలు చరణమే లేదు. అతను చెప్పాల్సింది అప్పటికే చెప్పేశాడు. కీబోర్డు, ఆ టిక్కు టిక్కు కాసేపు నడిచి, మెల్లగా దూరమై ఆగిపోయాయి. ఏడాదిన్నరగా నేను ఆ చోట ఎన్ని చరణాలు కట్టుకున్నానో! అతను బతిమాలినట్టు ఒకటి, ఆమె తిరిగొచ్చినట్టు ఒకటి, ఇక చాలని లేచి వెళ్ళిపోయినట్టు ఒకటి. అన్నీ తెలుగులోనే.

ఆ ఏడాది చివర్లో ఇండియా వచ్చేశాం. ఇప్పుడు విజయవాడలో మా ఇంట్లో ఆ డిస్కు నిక్షేపంగా ఉంది. టూ-ఇన్-వన్ ఎప్పుడో మూలపడింది, క్యాసెట్‌కి బూజు పట్టింది. వానాకాలం సాయంత్రాలు కరెంటు ఉంటే అప్పుడప్పుడు ఆ పాట పెడతాను. గొంతు సాగుతుంది, గడియారం టిక్కుమంటుంది, సరిగ్గా ఆ చోటికి వస్తుంది.

వంటింట్లోంచి మా ఆవిడ, పోపు కలుపుతూ, ఇటు చూడకుండా అంటుంది. "టక్."